చందమామ మెట్టలో ఆమె పేరు

నాగులచవితి వెళ్ళిన రెండో రోజు సాయంత్రం. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. మా అమ్మాయి వచ్చి నా కొంగు పట్టుకుని దాబా మీదికి లాక్కెళ్ళింది. ఇంటర్ చదువుతోంది. వాళ్ళకి ఫిజిక్సు చెప్పే మేడంగారిని బతిమాలి చిన్న టెలిస్కోపు ఒకటి రెండు రోజులకి తెచ్చుకుంది. దీపాలవేళ వంటిల్లు వదిలేసి తల్లీకూతుళ్ళు దాబా ఎక్కడమేమిటని మా అత్తగారు కింద నుంచి గొణుగుతూనే ఉన్నారు.

కోటప్పకొండ దిక్కున షష్ఠి చంద్రుడు నిలబడి ఉన్నాడు. టెలిస్కోపులో కన్ను పెట్టగానే చెప్పొద్దూ, ఒళ్ళు ఝల్లుమంది. మనం పిల్లలకి గోరుముద్దలు తినిపిస్తూ చూపించే చల్లని చందమామ కాదు అది. ఎండకి పగిలి, వాన ఎరగని రాళ్ళ నేల. ఎటు చూసినా గుంటలు. గుంట మీద గుంట, గుంటలో గుంట. వెలుగూ చీకటీ కలిసే గీత పక్కన మూడు పెద్ద గుంటలు ఒకదానినొకటి ఆనుకుని కనబడ్డాయి. టెలిస్కోపులో బొమ్మ తలకిందులుగా ఉంటుందట, అందుకని మా అమ్మాయి చంద్రుడి పటాన్ని కూడా తలకిందులుగా పట్టుకుని పేర్లు చదువుతోంది. థియోఫిలస్, సిరిలస్, కేథరీనా. వాటికి కాస్త ఎడంగా, అంచులు అరిగిపోయిన చిన్న గుంట ఇంకొకటి. దాని పేరు హైపేషియా.

ఆ పేరు వినగానే నేను టెలిస్కోపులోంచి తల తీశాను. బీఎస్సీలో మాకు లెక్కలు చెప్పిన మాస్టారు ఒకసారి ఆ పేరు చెప్పి, పరీక్షకి అక్కరలేదని తర్వాతి పాఠంలోకి వెళ్ళిపోయారు. ఇన్నేళ్ళకి ఆవిడ మళ్ళీ మా దాబా మీద కనిపించింది. ఆ రాత్రి మొదలుపెట్టి దొరికినదల్లా చదివాను. చదివినకొద్దీ ఆ కథ ఎక్కడో ఈజిప్టులో జరిగినట్టు కాక, మన పల్నాట్లోనే జరిగినట్టు అనిపించింది. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

ముందు ఆ నేల సంగతి. కంటితో చూస్తే చందమామలో కుందేలు కనిపిస్తుంది కదా. ఆ కుందేలు నల్లటి భాగం. ఎప్పుడో 300 నుంచి 400 కోట్ల ఏళ్ళ కిందట లోపలి నుంచి లావా పొంగి, పల్లాల్లో నిండి గడ్డకట్టింది. పాతకాలం వాళ్ళు దూరం నుంచి చూసి నీళ్ళనుకుని వాటికి సముద్రాలని పేరు పెట్టారు. మిగతా తెల్లటి భాగమంతా ఎత్తు నేల. మన భాషలో చెప్పాలంటే నల్లవి రేగడి చేలు, తెల్లది రాళ్ళ మెట్ట. మెట్ట ముందుది, రేగడి తర్వాతది. చంద్రుడు పుట్టిన కొత్తలో పైనంతా కరిగిన రాయి సముద్రంలా ఉండేదనీ, అందులో బరువైనవి అడుక్కి దిగి, తేలికవి పాల మీద మీగడలా పైకి తేలి గట్టిపడ్డాయనీ శాస్త్రవేత్తలు చెబుతారు. ఆ మీగడే ఈ తెల్ల మెట్ట. వయసు సుమారు 440 కోట్ల ఏళ్ళు. 2023 ఆగస్టు 23న మన చంద్రయాన్-3 దక్షిణాన దిగింది కూడా ఇలాంటి మెట్టలోనే. ప్రజ్ఞాన్ బండి అక్కడి మట్టిని పరీక్షించి పంపిన లెక్కలు ఈ మీగడ మాటనే బలపరిచాయి.

ఆ మెట్టకి గాలి లేదు, వాన లేదు, దుక్కి లేదు. అందుకే తగిలిన ప్రతి దెబ్బా అలాగే ఉండిపోయింది. ఒక గుంటని చెరిపేది ఇంకో దెబ్బే. 1972 ఏప్రిల్‌లో అపోలో-16లో వెళ్ళిన జాన్ యంగ్, చార్లెస్ డ్యూక్ ఆ మెట్టలోనే దిగి 95 కిలోలకు పైగా రాళ్ళూ మట్టీ తెచ్చారు. అక్కడ అగ్నిపర్వతాల రాళ్ళు దొరుకుతాయని అందరూ అనుకున్నారు. తీరా చూస్తే దొరికినవి చాలావరకు దెబ్బలకి నలిగి, ముక్కలై, మళ్ళీ ఒకదానికొకటి అతుక్కున్న రాళ్ళు. వాళ్ళు దిగిన చోటుకి సుమారు 250 కిలోమీటర్ల దూరంలో, మెట్ట వచ్చి రేగడిని తాకే అంచున ఉంది హైపేషియా గుంట.

ఇక ఆవిడ కథ.

నైలు నది సముద్రంలో కలిసే చోట ఉన్న అలెగ్జాండ్రియా ఆ రోజుల్లో రోమను సామ్రాజ్యంలో కల్లా గొప్ప విద్యానగరం. నాలుగో శతాబ్దంలో అక్కడ థియాన్ అనే లెక్కల పండితుడు ఉండేవాడు. 364లో పట్టిన సూర్యగ్రహణాన్ని లెక్కగట్టి, కళ్ళారా చూసి, వేళతో సహా రాసిపెట్టినవాడు. ఆయన కూతురు హైపేషియా. పుట్టిన ఏడు 355 ప్రాంతమని కొందరు, 370 ప్రాంతమని కొందరు అంటారు. తండ్రి ఆమెకి తను ఎరిగిన లెక్కలూ, నక్షత్రాల చదువూ అంతా నేర్పాడు. ఆమె అక్కడితో ఆగక తత్వశాస్త్రం కూడా చదివి తండ్రిని మించిందని ఆ కాలం వాళ్ళే రాశారు.

థియాన్ చేసిన పని ఒకటి నాకు మరీ నచ్చింది. సూర్యచంద్రుల, గ్రహాల నడకల మీద టాలెమీ రాసిన ఆల్మజెస్ట్ అనే పెద్ద గ్రంథానికి ఆయన వ్యాఖ్యానం రాశాడు. అందులో మూడో భాగం మొదట్లో, ఈ పాఠాన్ని సరిచూసినది నా కూతురు హైపేషియా అని అర్థం వచ్చేలా పేరుపెట్టి రాశాడు. పదహారు వందల ఏళ్ళ కిందట ఒక తండ్రి చేసిన పని ఇది. మనలో ఎంతమంది ఆడవాళ్ళం రాసిన లెక్కలు, చిట్టాలు, అర్జీలు ఇంట్లో మగవాళ్ళ సంతకంతో బయటికి వెళ్ళలేదు చెప్పండి? ఆమె సొంతంగా డయోఫాంటస్ బీజగణితం మీదా, అపొలోనియస్ శంకుచ్ఛేదాల మీదా వ్యాఖ్యానాలు రాసింది. ఒక్కటీ ఆమె పేరుతో మనదాకా రాలేదు. తండ్రి పుస్తకంలోని ఆ వాక్యం ఆమె పనికి దక్కిన సాక్ష్యం.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఇంట్లో పాఠం చెప్పేది. పండితులు వేసుకునే ముతక బట్ట పైన కప్పుకుని నగరంలో తిరిగేది. అడిగినవాళ్ళకి ప్లేటో గురించీ, అరిస్టాటిల్ గురించీ నడివీధిలో నిలబడి చెప్పేదట. మగవాళ్ళు నిండిన సభలోకి వెళ్ళడానికి జంకేది కాదు. శిష్యుడొకడు ప్రేమ అంటూ వెంటపడితే ఆమె తన ముట్టు గుడ్డ తెచ్చి అతని ముందు పెట్టి, నువ్వు మోజుపడుతున్న శరీరం ఇదేనని బుద్ధి చెప్పిందని, ఆమె పోయిన నూరేళ్ళకి డమాస్కియస్ అనే ఆయన రాశాడు. నిజమో కట్టుకథో గాని, ఆ మాట నోట రానివ్వని ఇళ్ళల్లో పెరిగినదాన్ని కనక నేను ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

ఆమె శిష్యుల్లో పాత దేవుళ్ళని కొలిచేవాళ్ళూ ఉన్నారు, క్రైస్తవులూ ఉన్నారు. వాళ్ళల్లో సినీసియస్ అనే ఆయన తర్వాత బిషప్ కూడా అయ్యాడు. ఆయన ఆమెకి రాసిన ఏడు ఉత్తరాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆమెని అమ్మగా, అక్కగా, గురువుగా తలుచుకుంటాడు. నక్షత్రాల స్థానం కొలిచే ఆస్ట్రోలేబ్ అనే పరికరం తయారీని ఆమె దగ్గరే నేర్చుకున్నానని ఇంకో చోట రాశాడు. ఒక ఉత్తరంలో నీళ్ళ సాంద్రత కొలిచే గొట్టం చేయించి పంపమని, అది ఎలా ఉండాలో వివరంగా రాశాడు. అది చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. మన పాలకేంద్రంలో చెంబులో ముంచి చూసే లాక్టోమీటరూ, ఆయన అడిగిందీ ఒకే జాతి పరికరాలు. కొడుకులు పోయి, తాను మంచాన పడి, ఆ దుఃఖం చెప్పుకోవడానికి కూడా ఆయన రాసింది హైపేషియాకే.

ఇక్కడిదాకా కథ చల్లగానే నడిచింది. 412లో అలెగ్జాండ్రియా బిషప్ థియోఫిలస్ చనిపోయాడు. ఆయన కాలంలోనే, 391 ప్రాంతంలో, ఊళ్ళో పేరుమోసిన సెరాపియం దేవాలయం కూలింది. అయినా ఆయన ఉన్నన్నాళ్ళూ హైపేషియా పాఠాలకి అడ్డం రాలేదు. ఆయన తర్వాత మేనల్లుడు సిరిల్ బిషప్ అయ్యాడు. ఊరికి గవర్నరు ఒరెస్టీస్. ఇద్దరూ క్రైస్తవులే. ఊరు ఎవరి మాట వినాలన్న దగ్గర వాళ్ళకి పడలేదు. యూదులకీ క్రైస్తవులకీ కొట్లాటలు జరిగి, సిరిల్ యూదులని ఊళ్ళోంచి వెళ్ళగొట్టాడు. ఒరెస్టీస్ చక్రవర్తికి ఫిర్యాదు రాశాడు. కొండల్లోంచి వచ్చిన సన్యాసులు గవర్నరు బండిని అడ్డగించి, రాయి విసిరి తల పగలగొట్టారు. రాయి వేసినవాడిని పట్టుకుని హింసిస్తే వాడు చచ్చిపోయాడు. సిరిల్ వాడిని వీరుడిగా కొనియాడాడు. ఇక రాజీ అనే మాటే లేకుండా పోయింది.

అప్పుడు ఊళ్ళో ఒక పుకారు పుట్టింది. ఒరెస్టీస్ తరచూ హైపేషియా సలహా తీసుకుంటాడు కదా, వాళ్ళిద్దరినీ కలవకుండా చేస్తున్నది ఆ ఆడమనిషేనని. ఆమె గవర్నరుకి మందు పెట్టిందని, మంత్రాలు వేస్తుందని కూడా చెప్పుకున్నారు. నక్షత్రాలు చూసే ఆడదానికి మంత్రగత్తె అన్న పేరు తగిలించడం ఎంతసేపు!

415 మార్చి. ఈస్టరు ముందు ఉపవాసాల రోజులు. బండిలో ఇంటికి వస్తున్న హైపేషియాని ఒక గుంపు అడ్డగించింది. కిందికి లాగి, చర్చిలోకి ఈడ్చుకెళ్ళి, ఒంటి మీద బట్టలు ఊడదీసి, పెంకు ముక్కలతో చంపారు. శరీరాన్ని ముక్కలు చేసి ఊరి బయట తగలబెట్టారు. ఇంతకంటే రాయడానికి నా చెయ్యి రావడం లేదు. ఆ పని చెయ్యమని సిరిల్ చెప్పినట్టు ఆ కాలపు చరిత్రకారుడు సోక్రటీస్ రాయలేదు. ఈయన మనం ఎరిగిన తత్వవేత్త కాదు, అదే పేరుగల క్రైస్తవ రచయిత. అయితే సిరిల్‌కీ, ఆ ఊరి చర్చికీ ఇది చిన్న మచ్చ కాదని, ఇలాంటి హత్యలకి క్రైస్తవంలో చోటే లేదని తన మతం వాళ్ళ ముందే నిలబడి రాసిపెట్టాడు. ఆ హత్యకి ఎవరికైనా శిక్ష పడిన దాఖలా మాత్రం లేదు.

తర్వాతి వాళ్ళు ఆమెని ఇంకో విధంగా చంపారు. 1885లో ఒక ఇంగ్లీషు చిత్రకారుడు ఆమెని ఇరవై ఏళ్ళ పడుచుపిల్లలా, జుట్టుతో ఒళ్ళు కప్పుకుంటున్న వివస్త్రగా గీశాడు. అసలు చనిపోయేనాటికి ఆమెకి 45కీ 60కీ మధ్య వయసు. తల నెరిసిన పంతులమ్మ. ఆ వయసు ఆడదాని కోసం ఎవరికీ కన్నీళ్ళు రావనుకున్నారేమో!

ఇప్పుడు పల్నాడు సంగతి. కార్తీక మాసం ఆఖర్న కారెంపూడిలో వీరుల తిరునాళ్ళు జరుగుతాయి. గురజాలలో నలగామరాజు కొలువులో మంత్రిగా ఉన్న నాయకురాలు నాగమ్మ పేరు తలవకుండా ఆ కథ సాగదు. ఒక పక్క నలగాముడు, ఇంకో పక్క మలిదేవుడు, అన్నదమ్ములే. మాచర్లలో బ్రహ్మనాయుడు. కోడిపందెం, వలస, చివరికి నాగులేటి ఒడ్డున నెత్తురు. కత్తి పట్టి నరికిందీ నరికించుకుందీ మగవాళ్ళు. కానీ మా చిన్నప్పటి నుంచీ విన్నది ఒకటే, అన్నదమ్ముల మధ్య చిచ్చు పెట్టింది నాగమ్మని. ఆమె రాజ్యం నడిపిన తెలివిని పొగిడేవాళ్ళూ ఉన్నారు గాని, ఇళ్ళల్లో ఆ పేరు ఇప్పటికీ తిట్టే.

ఆ తిట్టు నాకూ తగిలింది. మా మామగారు పోయాక పొలం పంపకాలు వచ్చాయి. మొత్తం 11 ఎకరాల 40 సెంట్లు. పెద్దమనుషులు రాసిన కాగితం మావారు తెచ్చి బల్ల మీద పెడితే, అలవాటు కొద్దీ కూడి చూశాను. వాటాలన్నీ కలిపితే 11 ఎకరాల 22 సెంట్లే వచ్చింది. 18 సెంట్లు ఏమయ్యాయని అడిగాను. అంతే అడిగాను. ఆ మాట మీద మా బావగారికీ మావారికీ మాటా మాటా పెరిగి రెండేళ్ళు ఒకరి గడప ఒకరు తొక్కలేదు. చుట్టాలందరూ తేల్చింది ఏమిటంటే, బంగారంలాంటి అన్నదమ్ములని విడదీసిన నాగమ్మని నేను. మా అత్తగారు కూడా ఆ మాట అన్నారు. నా కూడిక తప్పని మాత్రం ఎవరూ అనలేదు. ఎవరూ మళ్ళీ కూడి చూడనూ లేదు. తర్వాత కొలతలు వేయిస్తే ఆ 18 సెంట్లు డొంక పక్కన తేలింది. అన్నదమ్ములు మళ్ళీ కలిశారు, ఒకరి ఇంటి పెళ్ళికి ఒకరు పెద్దరికం చేశారు. నా పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు నేను ఇంట్లో ఏ కాగితమూ ముట్టుకోలేదు. కూడికలో తప్పు కనబడినా నోరు మెదపలేదు. హైపేషియాకి జరిగినదానితో పోలిస్తే నాది చీమకుట్టడం పాటి కూడా కాదు. కానీ కుట్టిన చోటు మాత్రం అదే. ఇద్దరు మగవాళ్ళకి పడకపోతే, మధ్యన లెక్క తెలిసిన ఆడది ఎవరున్నారా అని ఊరు వెతుకుతుంది.

ఆమె పేరు చంద్రుడి మీదికి ఎక్కించింది ఎవరనుకున్నారు? ఇటలీ దేశపు క్రైస్తవ గురువు. 1651లో రిచ్చోలి అనే జెస్యూట్ పండితుడు, సాటి గురువు గ్రిమాల్డి గీసిన చంద్రపటంతో పెద్ద ఖగోళ గ్రంథం అచ్చువేశాడు. గుంటలకి పండితుల పేర్లు పెట్టాడు. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న పేర్లలో చాలావరకు ఆయన పెట్టినవే. అందులో ఆడవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. ఈస్టరు తేదీలు లెక్కగట్టిన థియోఫిలస్‌కీ సిరిల్‌కీ చెరొక పెద్ద గుంట ఇచ్చాడు. అవి ఒక్కొక్కటి సుమారు 100 కిలోమీటర్ల వెడల్పు. వాటి పక్కనే అలెగ్జాండ్రియాకి చెందిన సెయింట్ కేథరీన్‌కి ఒకటి. ఈ కేథరీన్ కూడా చదువుకున్నదే, పండితులని వాదంలో ఓడించి ప్రాణం పోగొట్టుకున్నదే. ఆమె కథ హైపేషియా కథ నీడలో పెరిగిందేమోనని కొందరు చరిత్రకారులు అనుమానిస్తారు. హైపేషియాకి దక్కినది 40 కిలోమీటర్ల పొడవున్న వంకర గుంట. థియోఫిలస్‌కీ ఆమెకీ మధ్యన ఉన్న నల్లటి పాయకి తర్వాతి వాళ్ళు పెట్టిన పేరుకి అర్థం గరుకు అఖాతం అట. కావాలని పెట్టారో, అలా కుదిరిందో!

అయినా ఒక సంగతి చెబుతాను. ఆమె గుంట ఆ మూడింటిలో అన్నిటికన్నా కొత్తదైన థియోఫిలస్ కంటే పాతది. అంచులు అరిగి, గోడలు పగిలి ఉన్నాయంటే అంతకాలంగా దెబ్బలు ఓర్చిందని. దానికి ఉత్తరాన, నల్ల నేల మీద ఆమె పేరుతోనే సన్నటి పగుళ్ళు సాగిపోతాయి. 1969లో మనిషి మొట్టమొదట కాలు పెట్టిన చోటు ఆమె గుంటకి సుమారు 150 కిలోమీటర్లు. నరసరావుపేట నుంచి విజయవాడ వెళ్ళి మళ్ళీ వచ్చినంత దూరం లేదు.

మీరూ చూడండి. శుద్ధ పంచమి, షష్ఠి రోజుల్లో పొద్దుగూకగానే మంచి బైనాక్యులర్సు పట్టుకుంటే ఆ మూడు పెద్ద గుంటలు దొరుకుతాయి. చిన్న టెలిస్కోపు ఉంటే ఆమె కూడా కనబడుతుంది.

ఆ సాయంత్రం నేను మా అమ్మాయికి ఇదంతా చెప్పలేదు, అప్పటికి నాకే తెలియదు. చదివాక చెప్పాను. పంపకాల కథ కూడా మొదటిసారి చెప్పాను. అది ఏమీ అనకుండా లేచి వెళ్ళి, బీరువాలోంచి ఆ పాత కాగితం తీసి, పెన్సిలుతో కూడింది. 11 ఎకరాల 22 సెంట్లు. కింద గీత గీసి, తేదీ వేసి, నా పేరు రాసింది.

మర్నాటి నెల షష్ఠికి మళ్ళీ టెలిస్కోపు తెచ్చింది. ఈసారి మా అత్తగారు కూడా మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కారు. ఎవరో పంతులమ్మని చంపారన్నావు కదా, ఆమె గుంట ఏదో నాకూ చూపించమన్నారు. కళ్ళజోడు తీయించి, గొట్టం తిప్పి చూపించాను. చాలాసేపు చూశారు. పొయ్యి మీద పప్పు ఆ రోజు కూడా మాడింది. ఆవిడ ఏమీ అనలేదు.